ఓటమి నేర్చిన రాజు

(కవిబ్రహ్మ తిక్కన సోమయాజి స్మారకార్థము నెల్లూరులో చేసిన ఉపన్యాసము)



తిక్కన సోమయాజి పేరిట జరుగు సభలో ఆయన నాటకీయ శిల్పమును గూర్చియు, హరిహరనాథ తత్త్వమును గూర్చియు, తెలుగు నుడికారముపై ఆయనకు గల అధికారమును గూర్చియు పెద్దలెందరో నాకు పూర్వమే మాటలాడియున్నారు. పైగా పెన్న యొడ్డున పుట్టి పెరిగిన శ్రోతలకు తిక్కనను పరిచయము చేయబూనుట సాహసమే యగును. అందుచేత ఆయన రచనలో ఒక్క ఘట్టమును మాత్రము చేపట్టి, దానికి దేశాంతరములందును, మన పల్లెలందును, మన పిల్లల చేతులలోను గల చుట్టరికమును వెదకదలచితిని. ఆ ఘట్టము విరాటుని కొలువులోని పాచికలాట.

లోకము రాజులను పలువిధముల జ్ఞాపకముంచుకొనును. చెరువు త్రవ్వించిన రాజు కట్ట నిలిచినంతకాలము, శాసనము చెక్కించిన రాజు రాయి చెడనంతకాలము, కృతిని అందుకొన్న రాజు ఆ కావ్యమును చదువువారున్నంతకాలము జీవించును. విక్రమసింహపురి నేలిన మనుమసిద్ధి నేటికిని మనకు ఆత్మీయుడుగా ఉన్నాడనిన, అది ఆతడు గెలిచిన కోటలవలన గాదు. నిర్వచనోత్తర రామాయణమును అంకితమందిన పుణ్యమువలనను, తిక్కనను మామా యని పిలుచుకొన్న చనవువలనను. ఐతే ఈ మార్గములలో దేనికిని చెందని స్మృతిమార్గము మరియొకటి కలదు. అది ఆట. శాసనలిపి ఎరుగనివాడును, కావ్యము ముట్టనివాడును, ఇంకను పలక పట్టని పసివాడును ఆ మార్గమున పూర్వరాజులను తలచుకొనుచున్నారు. తలచుచున్నామని తెలియకయే తలచుకొనుచున్నారు. విచిత్రమేమనగా ఆ మార్గము గెలిచిన రాజులను అంతగా ఆదరింపలేదు. ఓడినవారిని, అకాలమున చచ్చినవారిని, తప్పుచేసి తెలిసికొన్నవారిని మాత్రము విడువక పట్టుకొన్నది. ఇట్లు ఏల జరిగెనన్నదే నేటి నా ప్రశ్న.

ముందుగా గ్రీకుల కథ నొకదానిని మనవి చేసెదను. కొరింథు నగరమును స్థాపించినవాడుగా వారి పురాణములు చెప్పు సిసిఫస్ అను రాజు మర్త్యుడు; దేవతల సంతానము అడుగడుగున ఎదురగు ఆ గాథలలో ఇతడు చావవలసినవాడు, కాని చావనొల్లనివాడు. తన్ను కొనిపోవచ్చిన మృత్యుదేవతనే ఉపాయముతో సంకెళ్లలో బంధించెననియు, ఆ దినము మొదలు లోకమున ఎవరికిని చావు లేకపోగా, యుద్ధమునకు ప్రయోజనమే లేకుండపోయెనని కోపించిన రణదేవత వచ్చి మృత్యువును విడిపించెననియు కథ. రెండవమారు చావు తప్పదని తెలిసినపుడు, తనకు ఉత్తరక్రియలు జరుపవలదని భార్యకు రహస్యముగా చెప్పి, పాతాళమునకు పోయి, భార్య తన్ను అనాదరించెనని మొరపెట్టుకొని, ఆమెను దండించి వచ్చెదనని సెలవు తీసికొని భూమికి వచ్చినవాడు మరల పోనేలేదట. తుదకు వార్ధక్యమున మరణించి పాతాళము చేరిన ఆ రాజునకు పెద్ద బండను కొండపైకి దొర్లించు పని విధింపబడెను. బండ శిఖరమును అందుకొనునంతలో క్రిందికి దొర్లిపోవును. అతడు మరల మొదటినుండి మొదలిడును. హోమరు తన ఒడిస్సీ కావ్యమున ఈ శ్రమను కండ్లకు కట్టునట్లు వర్ణించెనేగాని, ఆ శిక్షకు కారణమేమో చెప్పలేదు.

సిసిఫస్ పేరు వినినంతనే లోకమునకు బండయే తోచును. ఆతడు ఒక క్రీడోత్సవమునకు మూలపురుషుడన్న సంగతి అంతగా ప్రచారమున లేదు. ఆతని సోదరుడు అథమస్ ఉన్మాదమునకు లోనై భార్యాబిడ్డలను తరుమగా, ఆ ఇల్లాలు ఇనో తన పసివాడగు మెలికెర్తీసును చంకనిడుకొని కొండకొననుండి సముద్రమున దూకెను. తల్లి జలధిలో కలిసిపోయెను. బిడ్డ దేహమును ఒక డాల్ఫిన్ మోసికొని కొరింథు దగ్గరి సన్నని భూసంధి ఒడ్డున విడిచెను. సిసిఫస్ ఆ దేహమును చూచి, తన రక్తసంబంధియగు బిడ్డనిగా గుర్తించి, అక్కడనే సమాధి చేయించి, ఆతని పేర క్రీడలను నెలకొల్పెను. ఇవియే ఇస్త్మియన్ క్రీడలు. మైపాడు, కొత్తకోడూరు, కృష్ణపట్నము, తూపిలిపాళెము తీరముల బ్రదుకువారికి ఈ కథలోని మొదటి భాగమును వేరుగ వివరింప పనిలేదు. అల ఒడ్డునకు చేర్చిన దేహము ముందు ఒక ఊరు ఊరంతయు నోటమాట లేక నిలువబడుట ఎట్లుండునో వారెరుగుదురు. ఆ దుఃఖమునకు పిదప ఏమి చేయవలెనన్న ప్రశ్నకు ఆ గ్రీకురాజు చెప్పిన సమాధానమే మనకు క్రొత్త. ఆతడు ఏడ్చి ఊరకుండలేదు. పగతీర్చుకొనుటకు శత్రువును వెదకలేదు. బ్రదికియున్న బిడ్డలను పిలిచి, ఈ సమాధి చెంత పరుగెత్తుడు, కుస్తీ పట్టుడు, రథములు తోలుడు అని నియమము చేసెను.

ఈ క్రీడలను నెలకొల్పినవాడు సిసిఫస్ కాడు, ఏథెన్సు రాజు థీసియస్ అని చెప్పు పాఠమును ప్లూటార్కు వ్రాసియున్నాడు. ఎవరు స్థాపించిరన్న వివాదమున మనకు పట్టుదల అక్కరలేదు. క్రీ.పూ. 6వ శతాబ్ది మొదలు ఆ క్రీడలు రెండేండ్లకొకమారు క్రమముగా జరిగెననియు, గెలిచినవానికి బంగారము గాక ఆకుల కిరీటమును మాత్రమే, ఒక కాలమున ఎండిన సెలరీ ఆకులతోను మరొక కాలమున మన సరుగుడు తోపులను పోలిన పైన్ చెట్ల రెమ్మలతోను అల్లి పెట్టుచుండిరనియు, క్రీ.పూ. 196లో రోమను సేనాని ఫ్లమినైనస్ గ్రీకు నగరములకు స్వాతంత్ర్యమిచ్చుచున్నట్లు ఆ క్రీడారంగముననే చాటించెననియు చరిత్ర. 1952లో ఆస్కార్ బ్రోనీర్ అను పురాతత్త్వవేత్త అక్కడి సముద్రదేవుని ఆలయస్థానమును గుర్తించి త్రవ్వకములు మొదలిడెను. పసివాని సమాధిగా జనులు భావించిన స్థలమున ఆ బిడ్డకు గుడి సైతము ఉండెను.

ఇది ఒక్క కొరింథు మాట గాదు. క్రీ.పూ. 776లో మొదలైనవని సంప్రదాయము చెప్పు ఒలింపిక్ క్రీడలు పెలోప్స్ అను మర్త్యరాజు సమాధిచెంత జరిగినవి. పిసా రాజు ఈనోమౌస్ తన కుమార్తెను కోరివచ్చినవారిని రథపు పందెమున ఓడించి చంపుచుండగా, పెలోప్స్ ఆ పందెమున గెలిచెను. కాని సారథికి ఆశపెట్టి రాజు రథపు చీలను మార్పించి గెలిచెననియు, ఆ సారథి శాపము పెలోప్స్ సంతతిని తరతరములు వెన్నాడెననియు కథ. ఒలింపియాలో ఆతనికి నల్లపొట్టేలును బలియిచ్చుచుండిరి. నెమియాలో జరుగు క్రీడలు పాముకాటునకు చనిపోయిన ఒక రాజశిశువు జ్ఞాపకార్థము. అక్కడ తీర్పరులు శోకచిహ్నముగా నల్లబట్టలు ధరించుచుండిరి. ఇలియడ్ కావ్యమున తన మిత్రుడు పట్రోక్లసుని చితి చల్లారినపిమ్మట అకిలీజు క్రీడలు జరిపించును. ఇన్ని నిదర్శనములను ఒకచో జేర్చి చూచిన, గ్రీకులకు క్రీడ మరణమునకు పుట్టిన బిడ్డయని తోచును. చావు ఒక్కమారే ఓడించును, తిరిగి అవకాశమీయదు. ఆటలో మాత్రము నేడు ఓడినవాడు రెండేండ్లకు మరల వచ్చి నిలువవచ్చును. చావు ఈయని రెండవ అవకాశమును మనుష్యుడు తనకుతాను సమాధుల చెంత కల్పించుకొనెను.

ఇప్పుడు మన భారతమునకు వత్తము. నన్నయ అరణ్యపర్వము నడుమ విడిచిపోగా, తిక్కన విరాటపర్వమునుండి మొదలిడి పదునైదు పర్వములను రచించెను. అచ్చటనే ఏల మొదలిడెనన్న విచారణను పండితులకు విడిచి, ఫలితమును మాత్రము చూతము. నెల్లూరి భారతమును తెరచినంతనే మనకు కనబడు రాజు ఓడిన రాజు. పాచికలతో తమ్ములను, భార్యను, రాజ్యమును, తన్నుతాను పోగొట్టుకొని, అనుద్యూతమున మరల ఓడి, పండ్రెండేండ్లు అడవుల తిరిగి, పదుమూడవ ఏట అజ్ఞాతముగా దాగవలసివచ్చిన ధర్మరాజు, ఏ వేషమును ఎన్నుకొనెను? పాచికలాట నేర్చిన కంకుభట్టు వేషమును. తన్ను నాశనముచేసిన వస్తువునే చేతబట్టుకొని, దానివలననే పొట్టపోసికొనుచు, పరుల కొలువున సంవత్సరము గడపుట అనగా సామాన్యమైన తపస్సు కాదు.

ఆ ఏడాది ముగియువేళ జరిగిన సన్నివేశమును కొంచెము దగ్గరనుండి చూడవలెను. కౌరవసేన ఉత్తర దిక్కున గోవులను పట్టగా, రాజకుమారుడు ఉత్తరుడు బృహన్నల వేషముననున్న అర్జునుని సారథిగా తీసికొని పోయినాడు, జయవార్త వచ్చినది. కొడుకే గెలిచెనన్న పొంగులో విరాటుడు పురమును అలంకరింప ఆజ్ఞాపించి, కంకుని పిలిచి, ఆడుదము రమ్మని సైరంధ్రి వేషముననున్న ద్రౌపదిచే పాచికలు తెప్పించెను. సంతోషముతో ఒడలు మరచినవేళ జూదమాడరాదనియు, జూదమువలన ధర్మరాజంతటివాడు ఏమయ్యెనో ఎరుగుదువుగదా యనియు కంకుడు వారించెను. తన కథను తానే మూడవవాని కథవలె చెప్పుకొనవలసిన ఆ క్షణమున ఆయన కంఠమెట్లుండెనో మనము ఊహించుకొనవలసినదే. విరాటుడు వినలేదు. ఆట సాగుచుండగా రాజు కొడుకును పొగడును. కంకుడు బృహన్నల సారథ్యమున జయము కలుగుట వింతగాదనును. రాజు మరల పొగడును. కంకుడు మరల ఆ మాటయే అనును. కోపము పట్టలేక విరాటుడు చేతిలోని పాచికలను ఆయన ముఖముపై విసరికొట్టెను. ముక్కునుండి నెత్తురు కారెను. ధర్మరాజు ఆ రక్తము నేల పడనీయక దోసిట పట్టి ద్రౌపదివైపు చూచెను. ఆమె భావమెరిగి, పాత్ర తెచ్చి పట్టెను. అర్జునుడు ఈ గాయమును చూచిన విరాటునకు చావు తప్పదు గనుక, ఉత్తరుని మాత్రము లోనికి పంపి బృహన్నలను కొంతసేపు ఆపుమని ఆయన ద్వారపాలునితో మెల్లగా చెప్పెను. ఉత్తరుడు వచ్చి తండ్రిని మందలింపగా, విరాటుడు క్షమాపణ వేడుకొనెను. తాను ముందే క్షమించితిననియు, ఈ రక్తము నేల రాలియుండినచో నీకును నీ రాజ్యమునకును కీడు మూడెడిదనియు కంకుడు సమాధానమిచ్చెను.

సభాపర్వమున పాచికలు ఈ రాజు చేతినుండి సమస్తమును లాగికొన్నవి. విరాటపర్వమున అవే పాచికలు ఆయన ముఖమును గాయపరచినవి. ఐతే రెండింటి నడుమ మనిషి మారినాడు. ఆనాడు లేవవలసినవేళ పలకనుండి లేవలేకపోయినవాడు, ఈనాడు ఎదుటివానిని లేవుమని హెచ్చరించుచున్నాడు. ఆనాడు తనవారి నందరిని ఒడ్డినవాడు, ఈనాడు తన్ను కొట్టినవాని ప్రాణమును సైతము కాచుచున్నాడు. సిసిఫస్ ఓటమినే ఒప్పుకొనని రాజు. సభాపర్వపు ధర్మరాజు ఓటమినుండి లేవనేరని రాజు. కంకుడు ఓటమిని నేర్చిన రాజు. నా ఉపన్యాసపు సారమంతయు ఈ మూడు వాక్యములలో ఉన్నది. ఆటలు లోకమునకు అందించు విద్య ఈ మూడవ రాజు విద్యయే యని నా విశ్వాసము.

ఈ విద్యకు మన పూర్వులు అక్షహృదయమని పేరిడిరి. అడవిలో దిగులుపడియున్న ధర్మరాజునకు బృహదశ్వమహర్షి నలుని కథ చెప్పుట నన్నయ రచించిన భాగములోనిది. కలి ప్రవేశింపగా పుష్కరునితో జూదమాడి రాజ్యము గోల్పోయిన నలుడు, బాహుకుడను పేర ఋతుపర్ణుని రథము తోలుచుండగా, ఆ రాజు దారిలోని తాండ్రచెట్టును చూచి, కొమ్మల ఆకులను కాయలను క్షణములో లెక్కించి చెప్పెను. నలుడు నమ్మక రథమాపి, లెక్క సరిచూచుకొనిన పిమ్మట, తన అశ్వహృదయవిద్యను ఇచ్చి అక్షహృదయమును పొందెను. పొందినంతనే కలి ఆతని దేహమును విడిచి ఆ చెట్టులో దూరెను. త్రిఫల చూర్ణమున కరక్కాయ, ఉసిరికాయలతోడ మనము వాడు తానికాయ ఈ చెట్టు కాయయే. పూర్వకాలమున పాచికలుగా వేసినది ఈ కాయలనే. ఋగ్వేదపు పదవ మండలమున, 34వ సూక్తమున, ఇల్లాలిని పోగొట్టుకొన్న జూదరి తన దురదృష్టమును తలచి వాపోవుట ఈ కాయలను గూర్చియే. ఒకే కాయ ఒకచేత జూదము, వేరొకచేత ఔషధము. అక్షహృదయమును పొందిన నలుడు పుష్కరుని ఒక్క వేటుతో ఓడించి, పగ తీర్చుకొనుటకు బదులు, తోబుట్టువన్న ప్రేమతో ఆతనికి ఊరట చెప్పి ఇంటికి పంపెను. ఓటమి తెలిసినవాడు గెలిచిన తీరు అట్టిది.

పురాణమును విడిచి చరిత్రకు దగ్గరగా రావలెనన్న, మనకు ఉత్తరమున గల పల్నాటికి పోవలెను. 12వ శతాబ్దిలో గురజాల నేలిన నలగామరాజునకును, మాచెర్ల నేలిన అతని సవతితమ్ముడు మలిదేవునకును నడుమ కోడిపందెము పెట్టిరి. ఓడినవారు ఏడేండ్లు రాజ్యము విడిచి పోవలెనన్నది ఒడంబడిక; మలిదేవుని మంత్రి బ్రహ్మనాయుని పక్షము ఓడి వలసపోయెను. గడువు తీరిన పిమ్మట రాజ్యభాగమడుగ వచ్చిన రాయబారి అలరాజు ప్రాణములు గోల్పోయెను. తుదకు నాగులేటి యొడ్డున కారెంపూడిలో యుద్ధము జరిగెను. ఆ కథలో బ్రహ్మనాయుని కొడుకు బాలచంద్రుని సంగతియు ఆటతోనే ముడిపడియున్నది. యుద్ధవార్త తెలియనీయక తల్లి ఇంటనుంచిన ఆ కుర్రవాడు బొంగరములాడుచుండగా, బొంగరము తగిలి నొచ్చుకొన్న ఒక స్త్రీ నిష్ఠురమాడుటవలననే ఆతనికి విషయము తెలిసెను. ఆటస్థలమునుండి నేరుగా రణస్థలమునకు పోయి ఆతడు మరలిరాలేదు. భారతమునందలి అనుద్యూతమునకును ఈ కోడిపందెమునకును గల పోలిక చిన్నది కాదు. రెండింటను ఒడ్డినది దేశమే. రెండింటను గడువే శిక్ష. రెండింటి చివరను శవముల కుప్పలే. గెలిచినవాడు ఏలుటకు మిగిలినదేమి?

ఐతే పల్నాటి జనులు ఆ దుఃఖమును ఏమి చేసిరో చూడుడు. ఏటేట కార్తీక అమావాస్యనాడు మొదలు ఐదు దినములు కారెంపూడి వీరుల గుడిచెంత ఉత్సవము జరుగును. రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని ఆ ఐదు దినములకు పేర్లు. వీరాచారవంతులు తమ తమ వీరుల ఆయుధములను మోసికొనివచ్చి నాగులేట స్నానము చేయింతురు. వీరవిద్యావంతులు కథ పాడుదురు. మందపోరునాడు కులభేదము మాని అందరు ఒకే చాపపై తినిన చాపకూటిని స్మరించుకొందురు. నాలుగవనాడు, నలగాముని మంత్రిణి నాగమ్మ పక్షముగా ఒక కోడిని, బ్రహ్మనాయుని పక్షముగా ఒక కోడిని నిలిపి, దేశమును కాల్చిన ఆ పందెమును మరల అభినయింతురు. కొరింథు భూసంధిలో పసివాని సమాధిచెంత జరిగిన క్రీడలకును, నాగులేటి ఒడ్డున వీరుల గుడిచెంత జరుగు ఈ కోడిపోరునకును ఒకరినొకరు ఎరుగని రెండు జాతుల నడుమ పుట్టిన బాంధవ్యము కలదు. మృతులను మనము మాటలతో మాత్రమే తలచుకొనిన చాలదనియు, వారు ఓడిన ఆటను వారి ముంగిట మరల ఆడి చూపవలెననియు ఇరువురు గ్రహించిరి. సంక్రాంతికి తోటలలో లక్షలొడ్డి కత్తులు గట్టి వేయు కోడిపందెములకు కారెంపూడి పేరు చెప్పుకొనుట మాత్రము అన్యాయము. అక్కడ కోడిపోరు పశ్చాత్తాపము. ఇక్కడ అది పందెము, చట్టము నిషేధించిన పందెము.

ఇక మన ఇండ్లలోనికి వత్తము. రాజుల కథలు గుడులలోను, కావ్యములలోను ఉండగా, ఆ కథల నీతి మాత్రము ఇంటి అరుగులపైకి దిగివచ్చినది. ఈ తీరపు పల్లెలలో ఇసుకదిబ్బల వెంబడి గచ్చపొద పెరుగును. ముండ్లుగల దాని కాయను పగులగొట్టిన, బూడిదవన్నె గల గింజలు రెండు మూడు బయటపడును; సముద్రపు నీట నెలల తరబడి తేలియు చెడనంత గట్టివి; బండపై రుద్ది ఒంటికి తాకించిన చురుక్కుమని కాలును. ఆడపిల్లలు ఐదు గచ్చకాయలను నేలపై చల్లి, ఒకదానిని పైకెగురవేసి, అది క్రిందికి వచ్చులోపల ఒకటి, ఆపై రెండు, ఆపై మూడు, పిమ్మట నాలుగు ఏరుకొని, ఎగురవేసిన దానిని మరల అదే అరచేత అందుకొందురు. గ్రీకు స్త్రీలును ఐదు రాళ్లతో ఇట్టి ఆటయే ఆడుచుండిరి. ఈ ఆటలో ఒడ్డునది ఏదియు లేదు. చేయి తప్పిన కాయలు ప్రక్కదాని చేతికి పోవును. ఆమె తప్పినపుడు మరల వచ్చును. అంతవరకు ఊరక కూర్చుండి చూడవలసినదే. ఆ కూర్చుండుటయందే పసిమనస్సు శిక్షణ పొందుచున్నది.

అష్టాచెమ్మా మరింత స్పష్టమైన పాఠము. ఐదైదుల గడుల పటమును సుద్దముక్కతో అరుగుపై గీసి, నాలుగు గవ్వలు చేతబట్టి నలుగురు నాలుగు దిక్కుల కూర్చుందురు. నాలుగును వెల్లకిల పడిన చెమ్మ, నాలుగును బోర్లపడిన అష్ట. ఎదుటివాని కాయయున్న గడిలో మన కాయ దిగిన అది చచ్చినది. చచ్చిన కాయ ఆటనుండి తొలగిపోదు. తన ఇంటికి పోయి, మొదటినుండి మరల బయలుదేరును. నడిమింటికి చేరిన కాయ పండినదందురు. వైకుంఠపాళిలో మెట్టుమెట్టుగా నిచ్చెనలెక్కి, పరమపదము రెండు గడుల దూరమున ఉండగా పెద్దపాము మ్రింగి క్రిందికి దిగద్రోయును. పిల్లవాడు ముఖము ముడుచుకొని, ప్రక్కనున్న అమ్మమ్మవైపు చూచును. ఆమె గవ్వలు మరల ఆతని చేతబెట్టును. కొండకొననుండి దొర్లివచ్చిన బండను మరల పట్టుకొన్న సిసిఫస్ పనికిని ఈ పిల్లవాని పనికిని భేదమేమి? ఆ రాజునకు అది శిక్ష, ఈ పిల్లవానికి ఆట. ఆ రాజు ఒంటరివాడు, ఈతని ప్రక్కన మనుష్యులున్నారు. ఆతనికి అంతము లేదు, ఈతనికి దీపాల వేళకు ఆట ముగియును. బండ ఒకటే ఐనను, ఈ భేదములవలన శ్రమ వినోదమైనది.

మన కాలమున సిసిఫస్ మరల ఆటలలోనికి వచ్చెను. అల్బేర్ కామూ 1942లో ఆ రాజును గూర్చి ఒక గ్రంథము వ్రాసి, నిరర్థకశ్రమయందును మనుష్యుడు గౌరవముతో నిలువవచ్చునని వాదించెను. ఆ విచారమిప్పుడు తత్త్వగ్రంథములను దాటి బాలుర తెరలపైకి పాకినది. 2017లో వెలువడిన గెటింగ్ ఓవర్ ఇట్ అను వీడియో గేమ్‌లో, కడవలో కూర్చున్న మనిషి ఒక సుత్తి సాయముతో కొండనెక్కవలెను. చేయి జారిన, గంటల శ్రమ ఒక్క క్షణమున వృథాయై క్రిందికి వచ్చిపడును. 2020లో పూర్తిరూపమున విడుదలయైన హేడీస్ అను వీడియో గేమ్‌లో సిసిఫస్ తానే ఒక పాత్ర. ఆతని బండకు బౌల్డీ యని ముద్దుపేరు. పాతాళమునుండి తప్పించుకొనజూచు ఆటగానికి ఆ రాజు ప్రేమతో సాయపడును. ఆ ఆటలో మరణమన్నది అడుగడుగున కలదు, ఐనను మరణించిన ప్రతిమారు ఆటగాడు ఇంటికే చేరి, తనవారితో మాటలాడి, మరల బయలుదేరును. మన అష్టాచెమ్మా కాయకు ఇది దూరపు చుట్టమే. కావున తెరపై ఆడు ఆట లన్నియు చెడ్డవని ఈ వేదికనుండి నేను చెప్పజాలను. పిల్లవానికి ఓటమిని నేర్పి లేపునది ఏ వస్తువుమీద ఆడినను ఆటయే.

నేను భయపడునది మరియొకదానికి. తెరపై రమ్మీ అనియు, పందెమనియు, క్రికెట్‌పై ఊహాపోటీ లనియు వచ్చినవి ఆటల వేషము ధరించిన సభాపర్వములు. అందు ఓడిన కాయ ఇంటికి పోదు, ఇల్లే పోవును. ఎదుట శకుని లేడు గనుక సిగ్గు లేదు. కంకుడు లేడు గనుక వారించు గొంతు లేదు. దీపాల వేళ లేదు గనుక ముగింపు లేదు. తెలంగాణ ప్రభుత్వము 2017లోను, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2020లోను డబ్బుపెట్టి ఆడు ఇట్టి ఆటలను నిషేధించినవి. 2025లో పార్లమెంటు దేశమంతటికిని వర్తించు చట్టము చేసినది. చట్టము తలుపు మూయగలదు; లేచి బయటికి రావలెనన్న బుద్ధిని మాత్రము చట్టము పుట్టింపలేదు. ఆ బుద్ధి పసితనమున అరుగుమీద, గవ్వలతో, చింతగింజలతో, గచ్చకాయలతో అలవడవలసినది. పందెములేని ఓటమిని వేయిమార్లు రుచిచూచిన బిడ్డ, పందెమున్న చోట మొదటి ఓటమికే లేచి రాగలడు. ఓటమి రుచియే ఎరుగనివాడు, పోయినదానిని రాబట్టుకొందునన్న ఆశతో తమ్ములను, తన్నును, భార్యను వరుసగా ఒడ్డుచు కూర్చుండును, ధర్మరాజంతటివాడే కూర్చుండెను.

ధర్మరాజు ఆడెనన్నది తప్పు కాదు. తిరిగి తెచ్చుకొనరాని వారిని పలకపై పెట్టెనన్నదే తప్పు. సిసిఫస్ బ్రదుకగోరెనన్నది తప్పు కాదు; చావు లేనట్లు బ్రదుకగోరెనన్నదే తప్పు. ఇరువురును మర్త్యులన్న మాటను మరచి రాజులుగా మాత్రమే నిలువజూచిరి. ఆటలు వారి కిరీటములను తీసివేసి, వారి మర్త్యత్వమును మాత్రము మనకు దాచిపెట్టినవి. అందుచేతనే లోకము వారిని ప్రేమించినది. గెలిచిన సుయోధనుని పేర ఏ తల్లియు బిడ్డకు ఆట నేర్పదు. ఓడి, నేర్చి, తన్ను కొట్టినవానిని కాచిన కంకుభట్టు ఎదుట తిక్కన చేతులు జోడించినట్లు నాకు తోచును. ఆ రాజును తెలుగువారికి ఎదురుగా నిలిపిన పని ఈ నెల్లూరి నేలపై జరిగినదన్నది మన భాగ్యము.

సభాసదులగు తల్లిదండ్రులకును, అమ్మమ్మలకు తాతయ్యలకును, ఉపాధ్యాయులకును నా విన్నపము ఒక్కటే. గవ్వలు, గచ్చకాయలు, వామనగుంటల పీటలు అటకలమీద ఉన్నచో దింపుడు. లేనిచో అంగడిలో దొరకును, సముద్రపు టొడ్డున ఊరకయే దొరకును. పాఠశాలలో ఆటల గంటయందు పులిజూదమునకు, దాడికి, అష్టాచెమ్మాకు చోటీయుడు. ఆడిన పిమ్మట విరాటుని కొలువు కథ చెప్పుడు. బిడ్డ ఓడినపుడు జాలిపడి గెలిపింపకుడు, గేలిచేసి గాయపరుపకుడు. ఆటలో అరటిపండుగా విడిచిపెట్టకుడు. మరల గవ్వలు చేతికిచ్చి ప్రక్కన కూర్చుండుడు. పందెము మాత్రము, ఒక్క పైసాయైనను, పెట్టనీయకుడు. ఈ నియమము ఇంటింట నిలిచినచో, కవిబ్రహ్మ రచించిన విరాటపర్వము పుస్తకములలోనే గాక మన పిల్లల నడవడియందును పారాయణమగును. ఆయనకు మనము సమర్పింపదగిన స్మారకము అంతకుమించి వేరొకటి లేదు.